పలికావా

దీపాలు ఆరిపోయాయి. రోజూ ఈ వేళకు ఆర్పేవే. మధ్యాహ్నం అన్నాల డబ్బాలు కడిగి పెట్టుకున్నాక కిటికీలకు తెరలు దించి, ఫోన్ల గొంతులు నొక్కి, ఆఫీసు ఆఫీసంతా బల్లల మీదికి వాలిపోయే గంట ఇది, ఎవరి సొరుగులో వాళ్ళ దిండు, ఎవరి దిండు మీద వాళ్ళ చెంప పడిన పల్లం. పెయ్‌షాన్ కూడా కీబోర్డు వెనక్కి నెట్టి దిండు వేసుకుని తల ఆనించింది కానీ కళ్ళు మూతపడలేదు, మూస్తే మెట్ల మీద మాన్‌యూ అక్క ముఖం, తెరిస్తే ఎదురుగా రుయ్‌ఫెన్ ముఖం, రెండింటికీ మధ్య ఒక రెప్పంత దూరం. రెండు బల్లల నడుమ అడ్డుపలక ఎప్పుడో విరిగిపోతే మళ్ళీ పెట్టించుకోలేదు వాళ్ళిద్దరూ, మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుందని. అందుకే ఇప్పుడు అవతలి దిండు మీద రుయ్‌ఫెన్ నుదురు, ముక్కు, కాస్త తెరుచుకున్న పెదవులు, తెర అంచులోంచి జారిన బూడిదరంగు వెలుతురులో అన్నీ కనిపిస్తున్నాయి. నిద్రపోతోందా. ఎలా పడుతుంది దీనికి నిద్ర. బయట వాన. ఈ రేవు ఊరు కీలుంగ్‌లో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు, ఆగితేనే చెప్పుకుంటారు. రేవులో ఏదో ఓడ బొంగురుగా కూసింది, ఆ కూతకు కిటికీ అద్దం సన్నగా వణికింది, లెక్కల విభాగం వైపు నుంచి పాంగ్ అన్న గురక మొదలైంది, ఆ గురక మొదలైందంటే అందరూ పడుకున్నట్టే.

పలకలేదట నేను. అక్క అన్న మాట అదే, పొద్దుటినుంచీ చెవిలో దోమలా తిరుగుతోంది. అక్క మేనేజర్లుండే ఐదో అంతస్తు నుంచి దిగుతోంది, తను కేబుల్ చుట్ట భుజాన వేసుకుని ఎక్కుతోంది. అక్క చేతుల్లో అట్టపెట్టె, అందులో టీ మగ్గు, ఆఫీసులో వేసుకునే రబ్బరు చెప్పులు, రేవుకు పోయేటప్పుడు తొడిగే పసుపుపచ్చ వానకోటు. ఏంటక్కా బల్ల మారుస్తున్నావా అని అడిగింది తను, నవ్వుతూ అడిగింది, ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు కాలివేళ్ళు ముడుచుకుపోతున్నాయి.

"బల్ల కాదే, ఊరే మార్చమన్నారు. రేపటినుంచి రావద్దన్నారు. నన్నూ, కింద గోదాములో ఇంకో ఇద్దర్నీ."

"నిన్నా? ఎందుకక్కా?"

"పలకలేదట నేను. ఆ కో మేనేజరు కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చదివాడు. సోమవారం పలకలేదు, మంగళవారం పలకలేదు. ఇలాంటి మాట ఈ కంపెనీలో ఇంకెవరు రాస్తారే? నువ్వు కాక?" అక్క పెట్టెను ఒక మోకాలి మీదికి ఎత్తి ఆనించుకుంది. "ఒక్కటడుగుతా చెప్పు. ఎవర్ని పిలిచావు నువ్వు? నన్నా, నా బల్ల మీది కంప్యూటర్ డబ్బానా?"

తను నోరు తెరిచింది, కానీ అప్పటికే అక్క దిగిపోయింది, రెయిలింగు పట్టుకోకుండా, పెట్టె అడ్డమై మెట్టు కనిపించక పాదంతో తడుముకుంటూ. వెనకాల పోయి పెట్టె అందుకోవలసింది. పోలేదు. కేబుల్ చుట్ట మోస్తూ అలాగే నిలబడింది, వైర్ల పిల్ల, అక్క పెట్టిన పేరే అది, ఏమే వైర్ల పిల్లా అన్నం తిన్నావా, ఏమే వైర్ల పిల్లా నా ప్రింటరు మళ్ళీ అలిగింది చూడు. అక్క పని కంప్యూటర్‌లో ఏనాడైనా జరిగిందా? ఓడ రాకముందే కెప్టెన్‌తో ఫోన్, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఈ చేత్తో ముద్రలు ఆ చేత్తో సంతకాలు, ఓడ రాగానే కాగితాల కట్ట చంకన పెట్టుకుని వానలో రేవుకు, అక్కడ కస్టమ్స్ కుర్రాడితో ఒక పోట్లాట, లారీల వాడితో ఇంకొకటి, తిరిగొచ్చి తడి కోటు ఆరేసుకోవడానికి మాత్రం ఆ కంప్యూటర్ తెర. కోటు కింద డబ్బా నిద్రపోయేది. సరుకు మాత్రం ఒక్కనాడూ రేవులో ఆగలేదు. అది తను రాసిన పలికావాలో ఎక్కడా కనిపించదు, ఎలా కనిపిస్తుంది, డబ్బాను అడిగితే డబ్బా సంగతే చెబుతుంది.

పలికావా. ఆ పేరు పెట్టిన రోజు ఎంత ముచ్చటపడింది తను. ఉప్పుగాలికి రెండో అంతస్తు గోడపెట్టెలో తీగల కొనలు చిలుము పట్టి, ఎప్పుడు ఏ కంప్యూటర్ నెట్‌వర్క్ నుంచి జారిపోతుందో తెలియని వానాకాలం అది, మనుషులొచ్చి మొత్తుకునేదాకా తనకు తెలిసేది కాదు. అప్పుడు రాసింది, గట్టిగా పది వరసలు కూడా లేని చిన్న ప్రోగ్రాం, స్క్రిప్టు. ప్రతి కంప్యూటర్‌కూ చిన్న కబురు పంపుతుంది, ఉన్నావా అని. అది ఉన్నానంటే పలికింది అని రాసుకుంటుంది, జవాబు రాకపోతే పలకలేదు అని. అంతే. పలకనిదాని దగ్గరికి తను నిచ్చెన వేసుకుని పోయేది, చిలుము గీకేది, కొత్త కొన బిగించేది, తిరిగొచ్చి చూస్తే పలికింది అని ఉండేది, అప్పుడు ఎంత హాయి. అలాంటివి ఎన్ని రాసింది. నిండిపోయిన డిస్కును ఊడ్చేదొకటి, దాని పేరు చీపురు. అలిగిన ప్రింటరును ఆపి మళ్ళీ లేపేదొకటి, దాని పేరు బుజ్జగింపు. రోజూ సాయంత్రం ఓడ కాగితాల నకళ్ళను కొండమీది ఇంకో గోదాము సర్వర్‌కు మోసేదొకటి, మోతగాడు. వేరెవరి చేతుల్లోనైనా పెద్దపెద్ద సాఫ్ట్‌వేర్లు ఉంటాయి, తనకు ఇవే, వంటింట్లో మేకుకు తగిలించుకునే చిన్న కత్తి, గరిటె, తురుముపీట లాంటివి. చదువుకునే రోజుల్లో నల్లతెర మీద తెల్లక్షరాల చర్చావేదికలో ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఇలాంటివే పంచుకునేవాళ్ళు, ఇదిగో నాలుగు వరసలు, నాకు పనికొచ్చాయి, నీకూ పనికొస్తాయేమో, తీసుకో. ఎవరూ థాంక్స్ కోసం ఆగేవాళ్ళు కాదు. పనికొస్తాయేమో తీసుకో. తనూ అలాగే ఇచ్చింది. ఎవరికి? ఇంకెవరికి.

రుయ్‌ఫెన్ ఊపిరి తీసినప్పుడు పెదవుల దగ్గర ఒక వెంట్రుక లేచి పడుతోంది. ఎప్పుడూ అంతే, జుట్టు కట్టుకోకుండా పడుకుంటుంది, లేచాక చెంప మీద వెంట్రుకల గీతలు, వాటిని తనే చూపించి నవ్వేది, నీ ముఖం మీద రోడ్ల పటం ఉందే అని. తుఫాను వచ్చిన ఏడు. నేల గదిలోకి నీళ్ళొచ్చి సర్వర్ మునిగింది. పెద్ద మీటింగులో కో మేనేజరు తన వైపు వేలు చూపించి, ఈ అమ్మాయి అజాగ్రత్త వల్లే, అంటుంటే తను బల్ల అంచు గోటితో గీకుతూ కూర్చుంది. అప్పుడు లేచింది ఎవరు? ఉద్యోగుల వ్యవహారాలు చూసే రుయ్‌ఫెన్, చేరి ఏడాది కూడా కాలేదు, లేచి నిలబడి, సార్, సర్వర్ పైకి మార్చమని ఆమె అడిగింది నాకు తెలుసు, వద్దన్నదెవరో మీకు తెలుసు, అంది. ఆ సాయంత్రమే ఇద్దరూ గొడుగు లేకుండా తడుస్తూ పోయి వేడివేడి చేపముద్దల సూప్ తాగారు, మిరియాల ఘాటుకు ఇద్దరి ముక్కులూ కారాయి. ఆ మర్నాటినుంచి, యంత్రం మొరాయించదన్న నమ్మకంతో సర్వర్ మీద పెట్టే ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ కూడా రుయ్‌ఫెనే తెచ్చేది, బుద్ధిగా ఉండు అని అచ్చుండే ప్యాకెట్, గడువు తేదీ దాటకుండా కొత్తది మార్చేది, ఎరుపు కొంటే యంత్రాలు అలుగుతాయి ఆకుపచ్చే కొనాలి అని షాపువాడితో వాదించేది. అలాంటి మనిషి. మీటింగులో లేచిన మనిషీ, ఈ మనిషీ ఒకరేనా? లేక అప్పుడు నిలబడింది నా కోసం కాదా, కో మేనేజరు మీద కసితోనా? ఇలా మొదలైతే ఇక ఆగదు, ఒక పోగు లాగితే అల్లిక అంతా ఊడొస్తుంది, ఆ సూప్ కూడా, ఆ గొడుగు లేని వాన కూడా.

జామకాయ. ఔను, జామకాయ తింటూనే కదా. ఎండాకాలం, ఏసీ మొరాయిస్తున్న మధ్యాహ్నం, రుయ్‌ఫెన్ కుర్చీ ఈడ్చుకుని తన పక్కకు వచ్చి కూర్చుంది, కాయ ముక్కల మీద పుల్లటి రేగుపొడి చల్లుకుని తను ఒకటి తింటూ పెయ్‌షాన్ నోట్లో ఒకటి పెడుతూ.

"ఏంటే ఈ పలికావా చిట్టా, అంకెలు అంకెలుగా. ఏ అంకె ఎవరో నాకేం తెలుస్తుంది? పక్కన పేర్లు పెట్టు."

"నీకెందుకే పేర్లు?"

"కరెంటు ఆదా అని పైనుంచి ప్రాణం తీస్తున్నారు. ఎవరి తెర ఊరికే వెలుగుతోందో తెలిస్తే పోయి ఆర్పేస్తా. నాకూ పుణ్యం, కంపెనీకీ పుణ్యం."

"అలాగైతే డబ్బా ఉందా లేదా అన్నది చాలదు. మౌస్ కదిపి, కీ నొక్కి ఎంతసేపైందో తెలియాలి."

"అది కూడా తెలుస్తుందా?"

"ఎంత పని! రెండు వరసలు."

రెండు వరసలు. ఆ గర్వం. రుయ్‌ఫెన్ అడగనిది తనే అందించింది. అక్కడికక్కడే రాసేసింది, ఎవరూ తాకకపోతే దాన్ని కూడా పలకలేదు కిందే వేసింది, వేరే మాట పెట్టడానికి బద్ధకించి. వారానికోసారి రుయ్‌ఫెన్‌కు దానంతటదే వెళ్ళేలా అమర్చింది కూడా. నా బంగారమే అని తన చెంప గిల్లింది రుయ్‌ఫెన్, వేళ్ళకు అంటిన రేగుపొడి చెంపకు అంటింది. ఆ వేళ ఆ కళ్ళలో ఏమైనా ఉందా? గుర్తు తెచ్చుకో. ఏమీ లేదు. జామగింజ పళ్ళలో ఇరుక్కుంటే నాలుకతో తీసుకుంటూ ఉంది. మోసం చేసే మనిషి జామగింజ గురించి అంత శ్రద్ధ పడుతుందా? పడుతుందేమో. మోసం చేసేవాళ్ళకూ పళ్ళుంటాయి.

"రుయ్‌ఫెన్."

రెప్పలు కదల్లేదు. పెదవులు కదిలాయి. "పడుకో."

"మెలకువగానే ఉన్నావా?"

"నువ్వలా గుచ్చిగుచ్చి చూస్తుంటే నిద్రెలా వస్తుంది?"

కళ్ళు తెరిచింది. ఒకే దిండు మీద పడుకున్న అక్కాచెల్లెళ్ళంత దగ్గరగా ఉన్నాయి ముఖాలు. ఇన్నేళ్ళలో ఈ చీకటిగంటలో ఎన్ని గుసగుసలు, ఎవరి మొగుడు ఎలాంటివాడు, ఎవరి అత్త ఏమంది, నవ్వు ఆపుకోలేక దిండు కొరుక్కున్న రోజులు. గొంతులు అదే స్థాయిలో ఉన్నాయి ఇప్పుడూ, అలవాటైపోయిన గొంతులు.

"ఆ చిట్టా పైకి ఇచ్చింది నువ్వేనా?"

"నీకు తెలుసుగా. ఇంకెవరిస్తారు."

"కరెంటు కోసం అన్నావు."

"మొదట్లో కరెంటు కోసమే."

"మొదట్లో అంటే? ఎప్పటిదాకా మొదట్లో?"

పాంగ్ అన్న గురక ఠక్కున ఆగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు, పిల్లల్లాగా. అవతల కుర్చీ కిర్రుమంది, ఒక దగ్గు, మళ్ళీ గురక అందుకుంది.

"ముగ్గుర్ని తియ్యమన్నారు నన్ను" అంది రుయ్‌ఫెన్. "పేర్లు నన్నే ఇమ్మన్నారు. నువ్వైతే ఏం చేసేదానివి? ఆ రోజు పొద్దున్నే అందరి ముఖాలూ చూశాను, ఈవిడా, ఆయనా అని. నా వల్ల కాలేదే. ముఖాలు చూసి ఏరడం నా వల్ల కాలేదు. అంకెలు నా వంక తిరిగి చూడవు కదా. అంకెలు చూసి ఏరాను."

"అవి అంకెలు కావు. అవి నా మాటలు. అక్క ముఖం మీదే కొట్టాడు కో మేనేజరు, నా మాటలు తీసుకెళ్ళి."

"నీ పేరు ఎక్కడా లేదు దాంట్లో."

"మాట చూస్తే చాలు, ఎవరిదో తెలిసిపోతుంది. నిన్ను నమ్మి ఇచ్చాను."

"నమ్మి ఇచ్చావు, నేనూ నీ కోసం చెయ్యాల్సింది చేశాను." రుయ్‌ఫెన్ గొంతు మొదటిసారి గరుకైంది. "నన్నలా చూడకు. ఎక్కువగా పలకనివాళ్ళ వరసలో మూడో పేరు ఎవరిదో తెలుసా నీకు?"

పెయ్‌షాన్ గోటితో దిండు అంచు గీకింది.

"నీదే. రోజంతా బల్లల కింద దూరి ఉంటావు, నిచ్చెనలెక్కుతావు, సర్వర్ గదిలో పడి ఉంటావు. నీ బల్ల మీది డబ్బాను ఎవరు తాకుతారు? నీ గారాల పలికావా నీకే ఉరి వేసింది. కొట్టేశాను నీ పేరు. నాలుగోది మూడోదైంది."

"నాలుగోది."

"మాన్‌యూ అక్కది. ఆమెకు ఇంకెంత, రెండు మూడేళ్ళలో ఎలాగూ రిటైరవుతుంది. నీకు ఇంటి మీద అప్పుంది, వెనకా ముందూ ఎవరూ లేరు. నేను చేసింది తప్పే. నీ కోసం చేసిన తప్పు. ఇక పడుకో, నీకు దణ్ణం పెడతా."

కళ్ళు మూసుకుంది. ముఖం అటు తిప్పుకోలేదు, అలాగే, ఎదురుగానే, కళ్ళు మాత్రం మూసుకుంది. ఎంత తేలిక. నువ్వు బతికావు పో, పడుకో. పెయ్‌షాన్ ఒంట్లో ఏదో నెమ్మదిగా చల్లబడుతూ పోయింది, పాదాలనుంచి మొదలై మోకాళ్ళదాకా, నేల గదిలోకి నీళ్ళొచ్చినట్టు. పొద్దుటినుంచీ ఒక కోపం ఉంది, శుభ్రమైన కోపం, నన్ను మోసం చేశావు అని నిటారుగా నిలబెట్టగలిగిన కోపం, దాన్ని కూడా లాగేసుకుంది ఇది. ఇప్పుడు తను మోసపోయిన మనిషి కూడా కాదు, మోసంలో వాటా అందుకున్న మనిషి. అడగకుండా చేతిలో పెట్టిన వాటా. అక్క మెట్లు దిగుతూ పాదంతో తడుముకున్న ఆ మెట్టు తనది. ఆ పెట్టె తన చేతుల్లో ఉండవలసింది. పెట్టెలో తన స్క్రూడ్రైవర్లు, తన మగ్గు. అక్క కోటు తెర మీద ఆరుతూ ఉండవలసింది. ఇంత చేసి, ఇష్టంతో చేశానంటుంది. బహుశా నిజమే. అదే భరించలేకుండా ఉంది, అబద్ధమైతే ఎంత బాగుండేది, ఉమ్మేసి పోవచ్చు. ఈ ఊళ్ళో చాంద్రమానపు ఏడో నెల వస్తే సముద్రంలో పోయినవాళ్ళను పిలుస్తూ నీళ్ళ మీద దీపాల ఇళ్ళు వదులుతారు, ఇంటిపేరు రాసి, ఎంత దూరం పోతే అంత మంచిదని. చిన్నప్పుడు నాన్న భుజం మీద కూర్చుని అడిగేది, ఎవరూ రాకపోతే ఎలా తెలుస్తుంది నాన్నా అని. రాకపోవడం ఉండదమ్మా, మనకు కనిపించకపోవడమే ఉంటుంది, అన్నాడు నాన్న. ఆ మాట అప్పుడెందుకు బుర్రకెక్కలేదు. జవాబు రాలేదు అంటే అవతల ఎవరూ లేరని కాదు, తీగ తెగి ఉండొచ్చు, తలుపు మూసి ఉండొచ్చు, మనిషి వానలో రేవు దగ్గర ఉండొచ్చు. నెట్‌వర్క్ పాఠంలో మొదటి పేజీ అది. తనే మరిచిపోయింది. పలకలేదు అని రాసింది, నాకు వినపడలేదు అని రాయవలసిన చోట.

ఏం చెయ్యాలి. చెయ్యొచ్చు, ఈ చీకట్లోనే చెయ్యొచ్చు, కుర్చీలోంచి లేవకుండా. ఒక్క వరస మారిస్తే చాలు, అందరూ ఎప్పుడూ పలికినట్టే రాస్తుంది, కోటు కింద పడుకున్నవి కూడా. లేదా పలికావాను మొత్తంగా తుడిచేస్తే. ఆ తరవాత? పైవాళ్ళు నకలు ఉంచుకునే ఉంటారు. లేకపోతే బయటినుంచి ఇంకోటి కొంటారు, తీరుగా రంగులు వేసి, ఎవరు రాశారో ఎవరికీ తెలియనిది, దాని మాటల్లో ఎవరి గొంతూ గుర్తుపట్టలేనిది. అప్పుడు మెట్ల మీద అడగడానికి కూడా మనిషి దొరకదు. పాపం స్క్రిప్టు ఏం చేసింది, దానికి ద్రోహం తెలియదు, స్నేహం తెలియదు, అడగమన్నది అడిగింది, రాయమన్నది రాసింది. రాయమన్న మనిషి, తను, ఇక్కడ చెంప ఆనించి పడుకుని ఉంది. అక్కకు రెండుసార్లు ఫోన్ చేసింది పొద్దున్నే, ఎత్తలేదు. ఎందుకెత్తుతుంది. ఎత్తితే ఏం చెప్పేది, నాకు తెలియదక్కా అని. తెలియకపోవడం అప్పటికి నిజం. ఇప్పుడది కూడా చెప్పడానికి లేదు. ఊరుకుంటే? రెండు వారాలు ఊరుకుంటే అందరూ మరిచిపోతారు, అక్క బల్ల మీద కొత్త పిల్ల ఎవరో కూర్చుంటుంది, కంప్యూటర్ ముందు నుంచి లేవని పిల్ల. జామకాయలు మళ్ళీ వస్తాయి. రుయ్‌ఫెన్ ముక్క నోటికందిస్తే తను తింటుందా? తింటుంది, ఇప్పుడు ఊరుకుంటే తినే తీరాలి, జీవితమంతా, ఆ పేరు కొట్టేసిన చేత్తో పెట్టే ప్రతి ముక్కా. అది ఊహించుకోగానే నోట్లో పుల్లటి నీళ్ళూరాయి, దిండు చెమ్మగా తగిలింది చెంపకు, అప్పుడు తెలిసింది ఏడుస్తోందని.

ముక్కు ఎగబీల్చలేదు. చప్పుడవుతుందని కాదు. రుయ్‌ఫెన్ వింటుందని, విని చెయ్యి చాపుతుందని. ఆ చెయ్యి వద్దు.

కుర్చీ జరిగిన చప్పుడు. దీపాలు వేసే పని కూడా రుయ్‌ఫెన్‌దే, రోజూ లేచి గోడదాకా పోయి ఒక్కో మీటా నొక్కుతుంది, ముందు కిటికీల వైపు, తరవాత మధ్యలో, నిద్రపోయేవాళ్ళ కళ్ళు ఒక్కసారిగా చెదరకుండా. ఇవాళా అలాగే నొక్కింది, మెల్లగా, దయగా. తలలు లేచాయి. చెంపల మీద దిండు గీతలు, పక్కకు జారిన కళ్ళజోళ్ళు, ఎవరో ఆవులించారు, ఎవరో నీళ్ళ సీసా మూత తిప్పారు. పెయ్‌షాన్ నిలబడింది. నిలబడాలని అనుకున్నట్టు కూడా గుర్తులేదు, మోకాళ్ళే లేచాయి. ఇంతమంది ముందు ఏనాడూ మాట్లాడని మనిషి, మీటింగులో బల్ల అంచు గీకుతూ కూర్చునే మనిషి.

"ఒక్క నిమిషం వినండి" అంది. గొంతు పీలగా వచ్చింది. పాంగ్ అన్న కళ్ళు నలుపుకుంటూ తిరిగాడు.

"పెయ్‌షాన్, వద్దు" అంది రుయ్‌ఫెన్ గోడ దగ్గర నుంచి, చెయ్యి ఇంకా మీట మీదే ఉంది.

"మీ కంప్యూటర్లు ఎంతసేపు పనిచేస్తున్నాయో, ఎంతసేపు ఊరికే ఉన్నాయో చూసే స్క్రిప్టు ఒకటి ఉంది. నేనే రాశాను. తీగలు బాగుచెయ్యడానికి రాశాను. దాన్ని పట్టుకుని మాన్‌యూ అక్కను, గోదాములో ఇద్దర్ని పొమ్మన్నారు. అక్క రేవులో ఉందో ఫోన్‌లో ఉందో దానికి తెలియదు. అది చెప్పేది డబ్బా సంగతి, మనిషి సంగతి కాదు. అది మీ అందర్నీ కూడా చూస్తోంది. ఇంకా చూస్తూనే ఉంది." ఇంకేదో ఉంది చెప్పవలసింది, అసలైనది. "అక్క చోట పోవలసింది నేను. నా పేరు తీసేసి అక్క పేరు పెట్టారు."

ఎవరు పెట్టారో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకపోయింది. కొన్ని తలలు గోడ వైపు తిరిగాయి.

ఎవరైనా ఏదైనా అంటారని చూసింది. అక్క ఆకుల్లో చుట్టి ఉడికించిన బియ్యపు పొట్లాలు పండగపండక్కీ తిన్నవాళ్ళే అందరూ, అక్క చేత తిట్లు తిన్నవాళ్ళే, జ్వరమొస్తే అక్క టాక్సీ పిలిచి ఎక్కించి పంపినవాళ్ళే. అన్యాయం అని ఒక్కరైనా అంటారు. ఆ మాట చాలు. కిటికీ పక్క అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాంగ్ అన్న గొంతు సవరించుకున్నాడు.

"అంటే, పెయ్‌షాన్" అన్నాడు. "ఎంతసేపు కదపకపోతే అది రాసుకుంటుంది?"

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఐదు నిమిషాలన్నా" అంది.

ఆయన తల ఊపాడు. తలొంచుకుని మౌస్ అందుకున్నాడు, ఇటు కదిపాడు, అటు కదిపాడు. పక్క బల్లావిడ కూడా. కిటికీ పక్క అమ్మాయి నోటి మీది చెయ్యి తీసి మౌస్ మీద పెట్టింది. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పాకింది ఆ చప్పుడు, ఎలకలు నేలను గీకినట్టు సన్నగా, ఎవరూ ఎవరి వంకా చూడకుండా, నిద్ర ఇంకా పూర్తిగా వదలని ముఖాలతో.

పెయ్‌షాన్ దిండు మడిచి సొరుగులో పెట్టబోయి, పెట్టకుండా బల్ల మీదే వదిలేసి, నడవలోకి వచ్చింది. మెట్ల దగ్గర రుయ్‌ఫెన్ వచ్చి మోచెయ్యి పట్టుకుంది. చెంప మీద వెంట్రుకల గీతలు అలాగే ఉన్నాయి.

"ఎక్కడికే?"

"ఐదో అంతస్తుకు, కో మేనేజరు దగ్గరికి. నా పేరు నేనే చెబుతా."

"చెబితే అక్కను వెనక్కి పిలుస్తారనుకుంటున్నావా? పిలవరు. నువ్వూ పోతావు, అంతే. నేను చేసిందంతా గంగలో కలుస్తుంది."

"తెలుసు."

"మరి ఎవరి కోసమే ఇదంతా?" రుయ్‌ఫెన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజమైన నీళ్ళే, అవి నిజమైనవని పెయ్‌షాన్‌కు తెలుసు. "నా ముఖం చూసి చెప్పు. నేను నీకేం కానా?"

పెయ్‌షాన్ ఆ ముఖం చూసింది. చూసి, మోచెయ్యి మీది వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది, తీగ కొన తెగకుండా విప్పినంత జాగ్రత్తగా, ఏ వేలికీ నొప్పి తగలకుండా. మెట్లెక్కింది. మలుపు తిరిగేదాకా కూడా వినిపిస్తూనే ఉంది. కింద గదిలో పని ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు, ఫోన్ మోగుతున్నా ఎవరూ ఎత్తడం లేదు, మౌస్‌లు మాత్రం కదులుతున్నాయి.